పుట్టిన బిడ్డకి పాలు సరిపోతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? ఇంకా బోలెడు సందేహాలు

కొత్తనాన్న

అందరికీ నమస్తే. బాబు పుట్టి ఇంకా వారం నిండలేదు. పుట్టినప్పుడు సరిగ్గా 3 కిలోలు ఉన్నాడు, నిన్న తూచితే 2.8 చూపించింది. డాక్టర్ గారు "ఫర్వాలేదు, పాలు పట్టిస్తూ ఉండండి, వచ్చే వారం మళ్లీ తీసుకురండి" అని పంపేశారు. ఆవిడకి ఫర్వాలేదు గానీ మా ఇంట్లో ఎవరికీ ఫర్వాలేదు. పాలు చాలడం లేదు, డబ్బాపాలు మొదలుపెట్టమని అమ్మ అంటోంది. మా ఆవిడ గంట గంటకీ ఇస్తూనే ఉంది, వీడు ఏడుస్తూనే ఉన్నాడు. మధ్యలో ఒకరోజు డైపర్‌లో ఇటుకపొడి రంగు మరక కనిపిస్తే రక్తమేమో అని గుండె జారింది. నిద్రలో ఒక్కోసారి ఊపిరి ఆగినట్టయి, మళ్లీ గబగబా తీసుకుంటాడు. అదేమిటో కూడా తెలియదు.

నెట్‌లో వెతికితే టెన్షన్ ఇంకా పెరుగుతోంది. పిల్లల్ని పెంచినవాళ్లు చెప్పండి, పాలు సరిపోతున్నాయో లేదో ఇంట్లోనే తెలుసుకునే దారి ఏమైనా ఉందా? నేను చేయగలిగే పని ఏదైనా ఉంటే అదీ చెప్పండి. ప్రస్తుతానికి గదిలో అటూ ఇటూ నడవడం తప్ప ఏమీ చేయడం లేదు.

ఇద్దరుపిల్లలమ్మ

తమ్ముడూ, ముందు మీ ఇద్దరికీ శుభాకాంక్షలు.

తూకం సంగతి చెప్తాను. మొదటి మూడు నాలుగు రోజుల్లో దాదాపు ప్రతి బిడ్డా కాస్త బరువు తగ్గుతుంది. కడుపులో ఉన్నప్పుడు ఒంట్లో చేరిన అదనపు నీరు పోతుంది, నల్లటి తొలి విరేచనం పోతుంది, అమ్మకి పాలు ఇంకా పూర్తిగా దిగి ఉండవు. మీవాడు 3 కిలోల మీద 200 గ్రాములు తగ్గాడంటే దాదాపు 7 శాతం. అది మామూలు లెక్కలోదే. 10 శాతం దాటితే మాత్రం డాక్టర్లు ఊరుకోరు, పాలు ఎలా పడుతున్నారో కూర్చుని చూస్తారు. రెండు వారాలు నిండేసరికి పుట్టిన బరువుకి తిరిగి రావాలి. అక్కడి నుంచి మొదటి రెండు మూడు నెలలు రోజుకి 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరుగుతారు. ఒకే మెషిన్ మీద, బట్టలూ డైపరూ తీసేసి తూచండి. ఆసుపత్రిలో ఒక మెషిన్, ఇంట్లో ఇంకో మెషిన్ పెట్టుకుని రెండింటికీ తేడా చూసి కంగారుపడే ఇళ్లు చాలా ఉన్నాయి.

గంట గంటకీ తాగడం కూడా మామూలే. మొదటిరోజు బిడ్డ ఒక్కసారికి తాగేది చెంచాడు ముర్రుపాలు, అంతే. పొట్ట పట్టేదీ అంతే. 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు తాగుతారు. అవి సమానంగా రెండు గంటలకోసారి రావు. సాయంత్రం వేళ వరసగా తాగుతూనే ఉంటారు, తర్వాత కాసేపు గట్టిగా నిద్రపోతారు. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత పాలు తయారవుతాయి. మధ్యలో సీసా పడితే ఆ మేరకు రొమ్ము తాగడు, ఆ మేరకు తయారీ తగ్గుతుంది. కాబట్టి ఏడుపు చూసి డబ్బా తెరవకండి, డాక్టర్ చెప్తే తెరవండి.

నైట్‌డ్యూటీ_నర్స్

పుట్టిన పిల్లల వార్డులో పనిచేస్తాను. లోపలికి ఎన్ని పాలు వెళ్లాయో చూడలేం గానీ బయటికి ఏం వచ్చిందో లెక్కపెట్టొచ్చు. మొదటిరోజు కనీసం ఒక తడి డైపర్, రెండో రోజు రెండు, మూడో రోజు మూడు. అయిదో రోజు నుంచి రోజుకి ఆరు, అంతకంటే ఎక్కువ. మూత్రం లేత రంగులో ఉండాలి. విరేచనం మొదట తారులా నల్లగా వస్తుంది, తర్వాత ఆకుపచ్చగా మారుతుంది, అయిదో రోజుకల్లా తల్లిపాల బిడ్డకి పసుపుపచ్చగా, పలచగా, మధ్యలో చిన్న గింజల్లాంటివి కనిపిస్తూ వస్తుంది. అది విరేచనాలు పట్టుకోవడం కాదు. ఈ మార్పు టైముకి జరిగిందంటే పాలు లోపలికి వెళ్తున్నట్టే.

కొత్తనాన్న గారూ, ఆ ఇటుకరంగు మరక ఏ రోజు కనిపించింది? ఆ తర్వాత మళ్లీ వచ్చిందా?

కొత్తనాన్న

మూడో రోజు వచ్చింది. తర్వాత లేదు. నిన్న తడి డైపర్లు ఏడు దాకా మార్చాం, విరేచనం పసుపు రంగులోకి వచ్చింది.

నైట్‌డ్యూటీ_నర్స్

అయితే హాయిగా ఉండండి. అది యూరేట్ స్ఫటికాలు, అంటే మూత్రంలోని ఒక లవణం పలుకులు. మూత్రం చిక్కగా ఉన్నప్పుడు గులాబీ, నారింజ, ఇటుక రంగుల్లో మరక పడుతుంది. మొదటి రెండు మూడు రోజుల్లో చాలామందికి వస్తుంది. అయిదో రోజు దాటాక కూడా వస్తూ ఉంటే పాలు చాలడం లేదేమో అని చూపించాలి. ఆడపిల్లలకి మొదటి వారంలో కొద్దిగా రక్తపు చుక్క కనిపించొచ్చు, మగపిల్లలకీ ఆడపిల్లలకీ కూడా రొమ్ములు కాస్త ఉబ్బొచ్చు. తల్లి హార్మోన్ల ప్రభావం అది, దానంతట అదే పోతుంది. వాటిని నొక్కడం, పిండడం లాంటివి చేయనివ్వకండి.

ఊపిరి గురించి. నెలలు నిండి పుట్టిన పిల్లలు కూడా నిద్రలో గబగబా నాలుగైదు సార్లు పీల్చి, అయిదు నుంచి పది సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెడతారు. రంగు మారకుండా, దానంతట అదే మళ్లీ మొదలైతే భయం లేదు. నిద్రపోతున్నప్పుడు నిమిషానికి 30 నుంచి 60 సార్లు ఊపిరి తీసుకుంటారు. నిమిషమంతా చూసి లెక్కపెట్టండి, పావు నిమిషం చూసి నాలుగుతో గుణిస్తే తప్పు లెక్క వస్తుంది. 60 దాటుతూ ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ముక్కుపుటాలు అదురుతున్నా, ఊపిరి వదిలిన ప్రతిసారీ మూలుగుతున్నా, 20 సెకన్ల దాకా ఊపిరి ఆగినా, పెదవులు, నాలుక నీలం తిరిగినా ఇక్కడ పోస్ట్ పెట్టకండి, బిడ్డని తీసుకుని బయల్దేరండి. చేతులు, పాదాలు మాత్రమే నీలంగా ఉండటం మొదటి రోజుల్లో మామూలే.

లెక్కలమాస్టారు

నేను మా పాపకి స్ప్రెడ్‌షీట్ పెట్టాను. పాలు ఎప్పుడు తాగింది, ఏ వైపు, ఎంతసేపు, తడి డైపర్, విరేచనం, నిద్ర, అన్నీ రంగులు వేసి గ్రాఫ్ గీశాను. డాక్టర్ గారు చూసి మెచ్చుకున్నారు. మా ఆవిడ మాత్రం గ్రాఫ్ మూసేసి గిన్నెలు కడగమంది.

నైట్‌డ్యూటీ_నర్స్

ఆవిడ చెప్పిందే సరి :) పుట్టిన బరువుకి తిరిగి వచ్చేదాకా కాగితం మీద రాసుకోండి, పనికొస్తుంది. ఆ తర్వాత ఆపేయండి. ఎన్ని నిమిషాలు తాగిందనేది పెద్దగా ఏమీ చెప్పదు. ఒక బిడ్డ పది నిమిషాల్లో పొట్ట నింపుకుంటుంది, ఇంకో బిడ్డ నలభై నిమిషాలు చీకుతూ నిద్రపోతుంది. మింగుతున్న శబ్దం వినిపిస్తోందా, తాగాక పిడికిళ్లు వదులయ్యాయా, రొమ్ము మెత్తబడిందా, ఇవి చూడండి.

పట్టు గురించి కూడా ఒక మాట, ఎందుకంటే సగం సమస్యలు అక్కడే మొదలవుతాయి. బిడ్డ చనుమొనని మాత్రమే పట్టుకుంటే తల్లికి నొప్పి, బిడ్డకి ఆకలి. నోరు బాగా తెరిచినప్పుడు బిడ్డని రొమ్ము దగ్గరికి తీసుకురావాలి గానీ రొమ్ముని బిడ్డ నోట్లోకి వంచి పెట్టకూడదు. గడ్డం రొమ్ముకి ఆనుకుని ఉండాలి, కింది పెదవి బయటికి మడిచి ఉండాలి, చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కింది పెదవి వైపు కంటే పై పెదవి పైన ఎక్కువ కనిపించాలి. తల ఒక్కటే తిప్పి తాగించకండి, చెవి, భుజం, తుంటి ఒకే వరుసలో ఉండాలి. మొదటి కొన్ని క్షణాలు కాస్త లాగినట్టు ఉండొచ్చు, తాగినంతసేపూ నొప్పి ఉంటే పట్టు సరిగా లేదు. చిటికెన వేలు నోటి మూల నుంచి పెట్టి విడిపించి మళ్లీ పట్టించాలి. రెండు మూడు రోజులకీ కుదరకపోతే పాలు పట్టడంలో సాయం చేసే కౌన్సెలర్‌ని అడగండి. చనుమొనలు పగిలి రక్తం వచ్చేదాకా ఓర్చుకోవాల్సిన పని లేదు.

వెన్నెల_22

ఏడ్చేదాకా ఆగి పాలు ఇవ్వాలా, టైము చూసి లేపి ఇవ్వాలా? మా పాప తెగ నిద్రపోతుంది.

ఇద్దరుపిల్లలమ్మ

ఏడుపు ఆఖరి సూచన వెన్నెలా. అంతకు ముందే చేతులు నోట్లో పెట్టుకుంటుంది, తల అటూ ఇటూ తిప్పి వెతుకుతుంది, పెదవులు చప్పరిస్తుంది. అప్పుడే ఇచ్చేస్తే తేలిగ్గా పట్టుకుంటుంది. బాగా ఏడ్చాక పట్టదు, ముందు ఊరుకోబెట్టి తర్వాత ఇవ్వాలి. పుట్టిన బరువుకి వచ్చేదాకా మూడు నాలుగు గంటలకి మించి నిద్రపోనివ్వకుండా లేపి ఇవ్వండి. దుప్పటి తీసి, డైపర్ మార్చి, అరికాలు నిమిరితే లేస్తుంది. తర్వాత రాత్రిపూట లేపక్కర్లేదు, అదే లేపుతుంది మిమ్మల్ని. ఎంత లేపినా కళ్లు తెరవకుండా, పాలు పట్టకుండా మగతగా ఉంటే మాత్రం అది నిద్ర అనుకోకండి, చూపించండి.

పెద్దాయన_65

మనవరాలు పుట్టింది కాబట్టి నేనూ ఈ గుంపులో చేరాను. నాకో అనుమానం. మా పిల్లలని బోర్లా పడుకోబెట్టే పెంచాం. అప్పట్లో డాక్టరే చెప్పాడు, కక్కితే గొంతులో అడ్డం పడదని. ఇప్పుడు మా కోడలు వెల్లకిలానే పడుకోబెడుతుంది, దిండు పెట్టనివ్వదు, మెత్తటి పరుపు వద్దంటుంది. బిడ్డ పాలు కక్కితే ఊపిరి ఆడదేమో అని నాకు నిద్ర పట్టడం లేదు.

చదువరి

బాబాయ్ గారూ, మీ డాక్టర్ అప్పటి పుస్తకాల్లో ఉన్నదే చెప్పారు. 1980ల దాకా చాలా దేశాల్లో బోర్లా పడుకోబెట్టమనే సలహా ఇచ్చేవారు. తర్వాత, నిద్రలోనే హఠాత్తుగా చనిపోయిన పిల్లల వివరాలు పరిశీలిస్తే బోర్లా పడుకున్నవాళ్లే ఎక్కువ మంది తేలారు. బ్రిటన్‌లో 1991లో పెద్ద ఎత్తున ప్రచారం మొదలుపెట్టారు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 1992లో సలహా మార్చింది, 1994లో అక్కడా ప్రచారం మొదలైంది. ఆ తర్వాత ఆ మరణాలు సగానికి పైగా తగ్గాయి. కొత్త మందు కనిపెట్టలేదు, కొత్త పరికరం రాలేదు. పడుకోబెట్టే తీరు మార్చారు, అంతే.

నైట్‌డ్యూటీ_నర్స్

కక్కడం గురించి మీ భయం అందరికీ ఉండేదే. వెల్లకిలా పడుకున్నప్పుడు గాలిగొట్టం పైన ఉంటుంది, ఆహారనాళం దాని కింద ఉంటుంది. వెనక్కి వచ్చిన పాలు గాలిగొట్టంలోకి వెళ్లాలంటే పైకి ఎక్కాలి. బోర్లా పడుకుంటే ఈ వరస తలకిందులవుతుంది. పైగా బిడ్డ మింగుతుంది, దగ్గుతుంది. కాబట్టి మీ కోడలు చేసేది సరైనదే. గట్టిగా, చదునుగా ఉండే పరుపు, దాని మీద బిగుతుగా పరిచిన దుప్పటి, అంతే ఉండాలి. దిండు, మెత్తటి బొమ్మలు, వదులుగా కప్పే దుప్పట్లు, పక్కలకి పెట్టే మెత్తలు ఏవీ వద్దు. గదిలో పొగ తాగనివ్వకండి. మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కనే ఉన్నప్పుడు మాత్రం రోజూ కొద్దిసేపు బోర్లా వేయండి. మెడ, భుజాలు గట్టిపడతాయి, తల వెనక భాగం చదునుగా మారదు. ఆ డ్యూటీ మీరు తీసుకోండి, తాతలకి బాగా కుదిరే పని.

వెన్నెల_22

అయితే పక్కలో పడుకోబెట్టుకోవడం కూడా తప్పేనా? రాత్రిళ్లు పడుకునే పాలిస్తాను. లేచి కూర్చుంటే కళ్లు మూసుకుపోతున్నాయి.

కవలలతల్లి

తప్పు అని కొట్టిపారేస్తే ఎవరూ నిజం చెప్పరు. ప్రపంచంలో ఎంతోమంది తల్లులు పిల్లల్ని పక్కలోనే పడుకోబెట్టుకుంటారు. నాకు ఈ రూల్స్ వింటే విసుగొస్తుంది.

నైట్‌డ్యూటీ_నర్స్

విసుగు అర్థమవుతుంది. అయినా నేను చూసినవి చూశాను కాబట్టి చెప్పక తప్పదు. అన్నిటికంటే క్షేమం ఒకే గదిలో, మీ మంచం పక్కనే, వేరే పడకలో. కనీసం ఆరు నెలలు అలా ఉంచమని సలహా. వెన్నెల గారూ, పాలిస్తూ నిద్రపోయే అవకాశం ఉందని తెలిస్తే సోఫాలో, వాలు కుర్చీలో మాత్రం కూర్చోకండి. అక్కడ నిద్రపోవడం మంచం కంటే చాలా ప్రమాదం, బిడ్డ మీకూ మెత్తకీ మధ్య ఇరుక్కుంటుంది. మంచం మీదే ఇవ్వండి, దిండ్లు, దుప్పట్లు ముందే దూరంగా జరిపి ఉంచండి, మెలకువ రాగానే బిడ్డని తన పడకలోకి మార్చండి. ఇంట్లో ఎవరైనా పొగ తాగినా, మద్యం తీసుకున్నా, మత్తు వచ్చే మందులు వాడుతున్నా, బిడ్డ నెలలు నిండకుండా లేదా బరువు తక్కువగా పుట్టినా పక్కలో అసలు వద్దు. ఇంట్లో వాళ్లని పిలిచి "నేను నిద్రపోతే బిడ్డని పడకలో పెట్టు" అని ముందే చెప్పి ఉంచడం ఇంకా మంచిది.

కొత్తనాన్న

ఇది నేను చేయగలను. ఈ రాత్రి నుంచే మొదలు.

అడగడం మర్చిపోయాను. బాబు ముఖం, ఛాతీ కొంచెం పచ్చగా ఉన్నాయి. పొద్దున్నే ఎండలో పెట్టమంటున్నారు. పెట్టాలా?

చదువరి

ఎండ మాట వెనక నిజంగానే ఒక కథ ఉంది. 1956లో ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో వార్డు సిస్టర్‌గా ఉన్న జీన్ వార్డ్ పిల్లల్ని కాసేపు ఆరుబయట ఎండలో ఉంచేవారు. ఒక బిడ్డ ఒంటి మీద గుడ్డ కప్పి ఉన్నచోట మాత్రం పసుపు అలాగే ఉండి, ఎండ తగిలిన చోట తగ్గిందని ఆవిడ డాక్టర్లకి చూపించారు. అక్కడి డాక్టర్ క్రెమర్ బృందం దాని మీద ప్రయోగాలు చేసి 1958లో ప్రచురించింది. ఈరోజు ఆసుపత్రుల్లో బిడ్డని నీలి లైటు కింద పెట్టేది దాని వల్లే.

నైట్‌డ్యూటీ_నర్స్

కథ నిజం, కానీ ఇంట్లో ఎండ వైద్యం చేయకండి. ఆసుపత్రి లైటు లెక్క వేరు. దాని తరంగం, దూరం, ఎంతసేపు అన్నది రక్తపరీక్ష చూసి నిర్ణయిస్తారు. ఎండలో బట్టలు లేకుండా పడుకోబెడితే బిడ్డ చల్లబడుతుంది లేదా కాలుతుంది. పైగా "ఎండలో పెడుతున్నాం కదా" అని పరీక్ష వాయిదా వేస్తారు, అసలు నష్టం అక్కడ.

కామెర్లు రెండో మూడో రోజు మొదలై, అయిదో రోజుకల్లా పెరిగి, రెండు వారాల్లోపు తగ్గడం మామూలు. తల్లిపాల బిడ్డకి ఇంకొంచెం ఎక్కువ రోజులు ఉండొచ్చు, అయినా రెండు వారాలు దాటితే పరీక్ష చేయించాలి. పుట్టిన 24 గంటల్లోపే పచ్చగా మారినా, పసుపు పొట్ట దాటి కాళ్ల దాకా దిగినా, బిడ్డ మగతగా ఉండి పాలు తాగకపోయినా ఆ రోజే వెళ్లాలి. విరేచనం తెల్లగా, సున్నం రంగులో వచ్చినా ఆలస్యం చేయకండి, అది కాలేయం నాళాల సమస్య కావచ్చు. దాన్ని ఎంత త్వరగా పట్టుకుంటే అంత మేలు. ఒంటి రంగు చూసి ఎంత ఉందో అంచనా వేయడం నావల్ల కూడా కాదు. పగటి వెలుతురులో చూడండి, అనుమానం ఉంటే బిలిరుబిన్ పరీక్ష, అంటే ఆ పసుపు పదార్థం ఎంత ఉందో చూసే పరీక్ష అడగండి. మీవాడిది రేపే ఒకసారి చూపించేయండి.

కవలలతల్లి

డబ్బాపాలు పట్టే తల్లులు కూడా ఈ థ్రెడ్ చదువుతుంటారు కదా, వాళ్ల కోసం రాస్తున్నాను. నాకు ఇద్దరికీ పాలు చాలలేదు, డాక్టర్ చెప్పాకే మొదలుపెట్టాం. ఎవరూ నన్ను పనికిమాలిన తల్లిని చేయలేదు, నేనూ అనుకోలేదు. కానీ జాగ్రత్తగా చేయాలి. పొడి పాలలో క్రిములు ఉండొచ్చు. మరిగించిన నీళ్లు 70 డిగ్రీల సెల్సియస్‌కి తగ్గకుండా ఉన్నప్పుడే పొడి కలపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తర్వాత సీసాని చల్లటి నీళ్లలో పెట్టి చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టాలి. డబ్బా మీద రాసినన్ని నీళ్లే, అంతే పొడి. పొదుపు కోసం పలచన చేయడం, బలం కోసం చిక్కగా చేయడం రెండూ ప్రమాదమే. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, తాగగా మిగిలినవి పారబోయాలి.

పిండి తీసిన తల్లిపాలైతే 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిల్వ ఉంటాయి. మైక్రోవేవ్‌లో వేడి చేయకండి, ఒకచోట చల్లగా ఉండి ఇంకోచోట నోరు కాల్చేంత వేడెక్కుతాయి.

లెక్కలమాస్టారు

వేడిగా ఉన్న రోజుల్లో మంచినీళ్లు పట్టొచ్చా? మా ఇంట్లో ఇదే గొడవ.

ఇద్దరుపిల్లలమ్మ

వద్దు. ఆరు నెలల దాకా చుక్క నీళ్లు అక్కర్లేదు, పాలలోనే కావలసినన్ని నీళ్లు ఉన్నాయి. ఆ చిన్న పొట్ట నీళ్లతో నిండితే పాలు తగ్గుతాయి, ఎక్కువైతే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ కూడా వస్తాయి. వేడిగా ఉంటే పాలే ఇంకోసారి ఇవ్వండి. తేనె కూడా ఏడాది నిండేదాకా నాకించకండి, అందులో ఉండగల బొట్యులిజం క్రిమి చిన్నపిల్లలకి ప్రాణాంతకం కావచ్చు. తల్లిపాల పిల్లలకి డి విటమిన్ చుక్కలు రోజుకి 400 యూనిట్లు రాస్తారు, అవి రాశారో లేదో చీటీ చూసుకోండి.

మోడరేటర్

చాలామంది "ఇది ఎమర్జెన్సీనా?" అని ఇక్కడ రాసి జవాబు కోసం ఎదురుచూస్తున్నారు. దయచేసి అలా చేయకండి. మూడు నెలల లోపు బిడ్డకి జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్, చేరితే చాలు, ఎంత రాత్రైనా వెంటనే ఆసుపత్రికి. ఇంట్లో జ్వరం మందు వేసి చూద్దాం అనుకోవద్దు. ఈ వయసులో ఇన్‌ఫెక్షన్ వస్తే జ్వరానికి బదులు ఒళ్లు చల్లబడటం కూడా జరుగుతుంది, 36 కంటే దిగి, వెచ్చగా ఒంటికి హత్తుకున్నా పెరగకపోతే అదీ అంతే. పాలు తాగడం మానేసినా, లేపినా లేవకుండా గుడ్డబొమ్మలా వాలిపోతున్నా, ఫిట్స్ వచ్చినా, ఆకుపచ్చని వాంతి అయినా, మాడు ఉబ్బినా లోపలికి గుంటపడినా, ఎనిమిది గంటలకి పైగా మూత్రం లేకపోయినా అదే దారి. మాడు మీద నాడి కొట్టుకోవడం మాత్రం మామూలే.

తల్లికి కూడా: గంటలో ఒక ప్యాడ్ పూర్తిగా తడిసిపోయేంత రక్తస్రావం, జ్వరం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ఛాతీ నొప్పి, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం ఉంటే "బాలింత నీరసం" అని సరిపెట్టుకోవద్దు.

వెన్నెల_22

ఇక్కడ అడగొచ్చో లేదో. పాపకి అయిదు వారాలు. సాయంత్రం అయ్యేసరికి ఏడుపు మొదలవుతుంది, ఏం చేసినా ఆగదు. పాలు తాగింది, డైపర్ బాగానే ఉంది, జ్వరం లేదు. డాక్టర్ కోలిక్ అన్నారు. నాకైతే నా మీదే కోపం వస్తోంది. నిన్న దాన్ని మంచం మీద గట్టిగా పడేయాలనిపించింది. అలా అనిపించినందుకే భయమేసింది.

నైట్‌డ్యూటీ_నర్స్

అడిగి చాలా మంచి పని చేశారు. ఏడుపు రెండో వారం నుంచి పెరుగుతూ ఆరో వారం చుట్టుపక్కల పతాక స్థాయికి చేరుతుంది, మూడు నాలుగు నెలలకి తగ్గిపోతుంది. మీరు ఇప్పుడు సరిగ్గా శిఖరం దగ్గర ఉన్నారు. రోజుకి మూడు గంటలకి పైగా, వారంలో మూడు రోజులకి పైగా ఏడ్చే ఆరోగ్యమైన పిల్లలకి కోలిక్ అని పేరు పెట్టారు. మీరు ఏదో చేయకపోవడం వల్ల రాలేదు.

కోపం హద్దు దాటుతోందనిపిస్తే బిడ్డని పడకలో వెల్లకిలా వేసి, తలుపు దగ్గరగా వేసి, పది నిమిషాలు బయటికి వచ్చేయండి. పడకలో ఏడ్చే బిడ్డకి ఏమీ కాదు. ఊపితే అవుతుంది. కోపంలో గట్టిగా కుదిపితే మెదడులో రక్తనాళాలు తెగి చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. పాపని చూసుకునే ప్రతి ఒక్కరికీ ఇది చెప్పండి. ఈ రాత్రి మీతో ఇంట్లో ఎవరున్నారు?

వెన్నెల_22

మా ఆయన ఉన్నారు. ఈ పోస్ట్ ఆయనకి చూపించాను. పాపని తీసుకుని పక్క గదిలోకి వెళ్లారు.

ఇద్దరుపిల్లలమ్మ

మంచిది. ముందు పడుకో చెల్లీ.

ప్రసవం అయిన రెండో మూడో రోజు నుంచి కారణం లేకుండా ఏడుపు రావడం చాలామంది తల్లులకి ఉంటుంది, రెండు వారాల్లో పోతుంది. నీకు అయిదు వారాలు కాబట్టి, నిద్ర దొరికినా నిద్రపట్టకపోవడం, దేని మీదా ఇష్టం లేకపోవడం, నీ మీద నీకే కోపం, ఇవి రోజూ ఉంటే డాక్టర్‌కి ఈ మాటలే చెప్పు. ప్రసవం తర్వాత వచ్చే డిప్రెషన్‌ని పట్టుకోవడానికి ఎడిన్‌బరో స్కేల్ అని పది ప్రశ్నల కాగితం ఒకటి ఉంది, 1987 నుంచి వాడుతున్నారు. అయిదు నిమిషాల్లో నింపేయొచ్చు. పాలిస్తూ వాడగలిగే మందులు కూడా ఉన్నాయి. బిడ్డకి గానీ నీకు గానీ హాని చేసుకోవాలనే ఆలోచన వస్తే రేపటి దాకా ఆగకు, మీ ఆయన్ని తీసుకుని ఇప్పుడే ఆసుపత్రికి వెళ్లు.

పెద్దాయన_65

అమ్మా, మగవాళ్లు ఊరికే కూర్చోకుండా ఉండే పనులు రాయండి. కొత్తనాన్న అడిగి చాలాసేపైంది.

కవలలతల్లి

బాబాయ్ గారు అడిగారు కాబట్టి రాస్తున్నాను. పాలివ్వడం తప్ప అన్నీ చేయొచ్చు. తాగాక భుజాన వేసుకుని తేన్పు తెప్పించడం, డైపర్ మార్చడం, చొక్కా విప్పి బిడ్డని ఛాతీకి హత్తుకుని పడుకోబెట్టుకోవడం. తండ్రి ఒంటి వేడికీ బిడ్డ గుండె, ఊపిరి నిలకడగా ఉంటాయి. మీరు కునుకు తీసేటట్టుంటే మాత్రం పడకలో వేసేయండి. చుట్టాలొస్తే గుమ్మం దగ్గరే నిలబడి చేతులు కడుక్కోమనండి, జలుబున్నవాళ్లని మళ్లీ రమ్మనండి, ముఖానికి ముద్దులు పెట్టనివ్వకండి. పెదవి మీద జ్వరపుపొక్కు ఉన్నవాళ్ల నుంచి వచ్చే హెర్పిస్ ఈ వయసు పిల్లలకి చాలా ప్రమాదం. బాలింత ఆ మాట అంటే కోపాలొస్తాయి, తండ్రి అంటే సర్దుకుంటారు. అన్నిటికంటే ముఖ్యం, ఆవిడకి ఒక్కసారిగా నాలుగు గంటల నిద్ర దొరికేటట్టు చూడండి.

కొత్తనాన్న

ఆసుపత్రికి వెళ్లొచ్చాం. బిలిరుబిన్ లైటు పెట్టాల్సినంత లేదు, రెండు రోజులాగి మళ్లీ చూస్తామన్నారు. బరువు కాస్త పెరిగింది. డబ్బాపాలు వద్దన్నారు, ఆ మాట డాక్టర్ నోటితో అమ్మ ముందే చెప్పించాను.

ఇంకో రెండు చిన్న సందేహాలు. బొడ్డు ఇంకా ఊడలేదు, స్నానం ఎలా? గోళ్లతో ముఖమంతా గీరుకుంటున్నాడు.

నైట్‌డ్యూటీ_నర్స్

బొడ్డు ఒకటి నుంచి మూడు వారాల్లో దానంతట అదే ఊడుతుంది, లాగకండి. పొడిగా ఉంచండి, డైపర్‌ని దాని కిందికి మడవండి, మీ డాక్టర్ ఏదైనా మందు రాయకపోతే ఏమీ పూయకండి. ఊడేటప్పుడు ఒకటి రెండు చుక్కల రక్తం మామూలు. చుట్టూ చర్మం ఎర్రబడి వాచినా, చీము, చెడు వాసన వచ్చినా చూపించండి. అప్పటిదాకా గోరువెచ్చటి తడిగుడ్డతో ఒళ్లు తుడిస్తే చాలు. ఊడాక కూడా వారానికి రెండు మూడు స్నానాలు సరిపోతాయి. నీళ్లు 37, 38 డిగ్రీలు ఉండాలి, మోచేతితో చూడండి, అరచేతికి వేడి సరిగా తెలియదు. మెడ మడతలు, చంకలు, చెవుల వెనక ఆరబెట్టడం మర్చిపోకండి.

గోళ్లు మొదటి రోజుల్లో చర్మానికి అతుక్కుని ఉంటాయి, కత్తిరిస్తే వేలు తెగుతుంది. మెత్తటి ఫైల్‌తో అరగదీయండి. పాలు తాగి గాఢంగా నిద్రపోయినప్పుడు చేయండి, పిడికిలి దానంతట అదే తెరుచుకుంటుంది. నోటితో కొరకొద్దు, మన నోట్లో క్రిములు గోరు చుట్టూ ఉన్న చర్మంలోకి వెళ్లి చీము పట్టొచ్చు.

లెక్కలమాస్టారు

ఫైల్ ఏ గ్రేడ్ వాడాలి? పట్టిక ఏమైనా ఉందా?

నైట్‌డ్యూటీ_నర్స్

పిల్లల గోళ్ల ఫైల్ అని అడిగితే ఇస్తారు మాస్టారూ. గిన్నెలు కడిగారా?